కారుకి చలి వదలకపోతే...!

తెల్లవారుజామున స్కూటరుకి చోక్ లాగి స్టార్ట్ చేసి, ఆ తర్వాత చోక్ వదలడం మర్చిపోతే ఏమవుతుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బండి కుదుపులిస్తుంది, నల్లటి పొగ కక్కుతుంది, పెట్రోలు వాసన ముక్కుకి ఘాటుగా తగులుతుంది. మా పాత కారు ఒక చలికాలమంతా అచ్చం ఇలాగే చేసింది. విచిత్రం ఏమిటంటే మా కారుకి చోక్ అనేదే లేదు!

మాది ఆదిలాబాద్‌కి 20 కిలోమీటర్ల దూరంలో ఓ ఊరు. మా వైపు డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున 10 డిగ్రీల కంటే కిందికి పోయే రోజులుంటాయి. మా అత్తమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉదయం ఆరింటికల్లా ఆస్పత్రిలో ఉండాలి. మా వారికి ఉద్యోగం వేరే ఊళ్ళో. అందుకని కారు నడిపేది నేనే. అది 2004 మోడల్ పెట్రోలు బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది.

ఆ చలికాలంలో నాలుగైదుసార్లు తాళం తిప్పితేగానీ బండి స్టార్ట్ అయ్యేది కాదు. అయినా వణుకుతూ ఆగిపోయేది. ఒకరోజు హైవే మీద మలుపు తిరుగుతుండగా ఆగిపోయింది. వెనక లారీల హారన్లు! శాలువా కప్పుకుని కూర్చున్న అత్తమ్మ, "నా వల్లనే గదా బిడ్డా నీకీ తిప్పలు" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

షెడ్డుకి తీసుకెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి మార్చారు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఆఖరికి పెట్రోలు పంపు. తొమ్మిది వేలు అయ్యాయి. కొత్త ప్లగ్గులు వేసిన వారం బాగానే ఉండేది, మళ్ళీ మామూలే. చివరికి "ఇంజను బోరుకొచ్చిందక్కా, విప్పాల్సిందే, ముప్పై వేలయితయి" అన్నాడు అక్కడి మెకానిక్. "ఇంక తుక్కు కింద ఇచ్చేద్దాం" అన్నారు మా వారు. మరి అత్తమ్మని ఆ చలిలో బస్సులో తీసుకెళ్ళేదెలా?

పాల లెక్క పక్కన కారు లెక్క

నాకు ఇంజను సంగతి ఏమీ తెలియదు. కానీ ఇల్లు నడిపే ఆడవాళ్ళం, లెక్క రాయడం మనకి తెలియంది కాదు కదూ! పాల లెక్క రాసే పుస్తకంలోనే కారు లెక్క మొదలుపెట్టాను. ఎన్నిసార్లు తాళం తిప్పాను, ఎక్కడ ఆగింది, వేడి చూపించే సూది ఎంత వరకు లేచింది, ఎంత పెట్రోలు పోయించాను - అన్నీ రాశాను.

రెండు వారాల్లో మూడు సంగతులు బయటపడ్డాయి. 20 కిలోమీటర్లు నడిపినా సూది అడుగు గీత దాటడం లేదు. లీటరుకి 16 వచ్చే మైలేజీ 10కి పడిపోయింది. పొగగొట్టం లోపల వేలు పెడితే మసి కాటుకలా అంటుతోంది.

తెలిసినవాళ్ళు చెబితే ఓ పెద్దవయసు మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పుస్తకం తిరగేసి, "సగం పని నువ్వే చేసినవమ్మా" అన్నాడాయన. ఆయన విడమరచి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

ఇంజనుకీ జ్వరం చూడాలి

చల్లగా ఉన్న ఇంజనుకి పెట్రోలు కాస్త ఎక్కువ కావాలి, వేడెక్కాక తగ్గించాలి. కార్బురేటర్ బండ్లలో ఆ పని చోక్ చేసేది. మన దేశంలో 2000 సంవత్సరంలో పొగ నిబంధనలు గట్టిపడ్డాక, కొత్త కార్లలో కార్బురేటర్లు పోయి కంప్యూటర్‌తో పెట్రోలు చిమ్మే పద్ధతి వచ్చింది. ఇంజను ఎంత వేడిగా ఉందో ఆ కంప్యూటర్‌కి చెప్పేది బొటనవేలంత సెన్సారు. అది ఇంజనులో తిరిగే నీటిలో, అంటే కూలెంట్‌లో మునిగి ఉంటుంది. అది "ఇంకా చలిగానే ఉంది" అని చెబుతూ ఉంటే, కంప్యూటర్ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. థర్మామీటరు తప్పు చూపిస్తే, లేని జ్వరానికి మందు మీద మందు వేసినట్టన్నమాట! ఎక్కువైన పెట్రోలుకి ప్లగ్గులు తడిసి మసిబారతాయి. కొత్త ప్లగ్గులు వారానికే ఎందుకు పాడయ్యాయో అప్పుడర్థమైంది.

రెండోది థర్మోస్టాట్. ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వెళ్ళనివ్వని చిన్న తలుపు ఇది. కుక్కరు మీద వెయిట్ తగినంత ఆవిరి వస్తేగానీ కదలదు చూడండి, ఇదీ అంతే. చాలా కార్లలో 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. ఇది తెరిచినట్టే ఉండిపోతే చలికాలంలో ఇంజను సరిగా వేడెక్కదు. పెట్రోలు దండగ కావడమే కాదు, ఇంజనూ త్వరగా అరుగుతుంది.

మా బండి విప్పి చూస్తే థర్మోస్టాటే లేదు! "మన ఎండలకి ఇదెందుకు" అని ఎవరో ఎప్పుడో తీసేశారట. ఇలా తీసేయడం చాలాచోట్ల ఉన్న అలవాటే సుమా!

కొత్తది వేయగానే సూది సగానికి లేచింది. కానీ పెట్రోలు వాసన పూర్తిగా పోలేదు. "సూదికి వేరే సెన్సారు, కంప్యూటర్‌కి వేరే సెన్సారు" అన్నాడాయన. చాలా పాత బండ్లలో ఇలాగే ఉంటుందట. మర్నాడు తెల్లవారుజామున ఇంజను స్టార్ట్ చేయకముందే స్కానర్ తగిలించాడు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో గాలి వేడి, కూలెంట్ వేడి దాదాపు సమానంగా చూపించాలి. మా బండిలో గాలి 12 డిగ్రీలుంటే, కూలెంట్ మాత్రం సున్నాకి 20 డిగ్రీల కింద చూపించింది! సెన్సారు వైరు పిన్నులకి పచ్చటి చిలుము పట్టి ఉంది. పిన్నులు శుభ్రం చేసి, సెన్సారు మార్చాడు.

అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు. ఇంజను విప్పనే లేదు. మైలేజీ మళ్ళీ 15కి వచ్చింది.

మీరూ చూసుకోవచ్చు

* ఉదయం స్టార్ట్ చేసి సూదిని గమనించండి. పది, పదిహేను నిమిషాలు నడిపినా లేవకపోతే ముందు థర్మోస్టాట్ చూడమని అడగండి.

* రేడియేటర్ పైగొట్టం ఇంజను వేడెక్కేదాకా చల్లగా ఉండి, తర్వాత గబుక్కున వేడెక్కాలి. మొదటినుంచీ ఇంజనుతోపాటే మెల్లగా వేడెక్కుతుంటే థర్మోస్టాట్ మూసుకోవడం లేదన్నమాట. ఫ్యాను, బెల్టుల దగ్గరికి చీర కొంగు, చున్నీ, జడ వెళ్ళనివ్వకండి. తాకేటప్పుడు ఇంజను ఆపేయండి.

* విప్పిన థర్మోస్టాట్‌ని దారంతో కట్టి, అడుగుకి తగలకుండా నీళ్ళలో వేలాడదీసి కాచండి. నీళ్ళు మరిగేలోపు తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి. ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడకండి.

* మెకానిక్ దగ్గర మీటరుంటే సెన్సారునీ కొలవమనండి. చాలా సెన్సార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు, మూడు వేల ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు ఉంటుంది. కొత్తది కొనేముందు వైరు పిన్నులు చూడమనడం మర్చిపోకండి.

* ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయవద్దు. కూలెంట్ తియ్యగా ఉండే విషం. పిల్లలకి, పెంపుడు జంతువులకి అందనివ్వకండి.

ఈ మధ్య అత్తమ్మ కారెక్కగానే శాలువా సర్దుకుంటూ ఒకటే మాట అడుగుతుంది. "సూది లేసిందా బిడ్డా?" లేచిందత్తమ్మా అంటే, నిశ్చింతగా కళ్ళు మూసుకుంటుంది.