ఆఫీసులో చెప్పొద్దు.. ఇంట్లో దాచొద్దు

సంక్రాంతి సెలవులు ముగిశాయి.. విదేశీ ప్రయాణం ముందుంది
సరిహద్దు కుటుంబాలకు రెండు రాష్ట్రాల కాగితాలతో తిప్పలు

బళ్లారి: కనుమ వెళ్లిన మర్నాటి రాత్రి బళ్లారి స్టేషన్‌లో హంపీ ఎక్స్‌ప్రెస్ కోసం నిలబడ్డ జనాన్ని చూస్తే చాలు, పండగ అయిపోయిందని తెలిసిపోతుంది. బ్యాగుల్లో అరిసెల డబ్బాలు, నువ్వులుండలు, పక్కింటి కన్నడిగులు పెట్టిచ్చిన ఎళ్లు-బెల్ల పొట్లాలు. కర్ణాటకలో సంక్రాంతికి సెలవు ఒక్కరోజే. మన ఇళ్లలోనేమో భోగి, సంక్రాంతి, కనుమ.. మూడు రోజుల పండగ. మిగతా రోజులకు సొంత సెలవులు ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్లే ఎక్కువమంది. తెల్లారేసరికి బెంగళూరులో దిగాలి, పొద్దున్నే ఆఫీసులో హాజరు వేయించుకోవాలి.

వీళ్లలో కొందరికి ఇది మామూలు తిరుగు ప్రయాణం కాదు. వచ్చే సంక్రాంతికి వాళ్లు ఏ కెనడాలోనో, జర్మనీలోనో, దుబాయ్‌లోనో ఉంటారు. చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, వీసా ఇంకా రాలేదు. పాత ఉద్యోగం ఇంకా వదల్లేదు. ఈ సంగతి ముందుగా ఎవరికి తెలుస్తుంది? పక్క సీట్లో కూర్చునే స్నేహితుడికి. ఆఖర్న ఎవరికి తెలుస్తుంది? అమ్మకు. 'వీసా చేతికొచ్చాక చెబుదాంలే, ఊరికే కంగారు పడతారు' అనుకుంటారు. లెక్క తిరగబడేది ఇక్కడే. ఆఫీసులో ముందే పొక్కితే వచ్చే లాభమేమీ లేదు. ఇంట్లో దాస్తే మాత్రం నష్టముంది. ఎందుకంటే ప్రయాణానికి కావాల్సిన కాగితాల్లో సగం ఆ ఇంట్లోని ఇనప్పెట్టెలోనే ఉంటాయి.

రెండు రాష్ట్రాల ముద్రలు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. గీత పడింది గానీ వియ్యాలు ఆగలేదు, చదువులూ ఆగలేదు. పదో తరగతి బళ్లారిలో, డిగ్రీ అనంతపురంలో చదివినవాళ్లు ఇక్కడ కొత్తేమీ కాదు. అనంతపురంలో ఉన్నది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. బళ్లారిలో 2010లో వచ్చింది విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. రాయలవారి పేరు రెండు చోట్లా ఉంది. ముద్రలు మాత్రం వేర్వేరు ప్రభుత్వాలవి.

విదేశాల్లో చూపించే సర్టిఫికెట్లకు కొన్ని దేశాలు 'అపోస్టిల్' ముద్ర అడుగుతాయి. హేగ్ ఒప్పందం కింద 2005 నుంచి మన దేశంలో అమల్లో ఉన్న పద్ధతి ఇది. ముద్ర వేసేది కేంద్ర విదేశాంగ శాఖ. అయితే అంతకుముందు, సాధారణంగా ఆ పత్రం ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని సరిచూసి ధ్రువీకరించాలి. అంటే బళ్లారి ఎస్సెస్సెల్సీ కాగితం బెంగళూరు దారి పట్టాలి, అనంతపురం డిగ్రీ పట్టా ఆంధ్రప్రదేశ్ దారి పట్టాలి. ఆ ఒప్పందంలో లేని యూఏఈ లాంటి దేశాలకైతే వాళ్ల రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. అన్ని దేశాలూ అన్ని కాగితాలూ అడగవు. ఏవి కావాలో కొత్త సంస్థను ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. పని మొదలుపెట్టాల్సింది ప్రయాణం ముందు వారం కాదు, పండగ నుంచి తిరిగొచ్చిన వారమే.

ఇంటిపేరు ఎక్కడ?

సరిహద్దు తెలుగువాళ్లకు ఇంకో చిక్కుంది. మనకు ఇంటిపేరు ముందుంటుంది. కన్నడ బడిలో చేర్చేటప్పుడు అది ఒక్క పొడి అక్షరమైపోతుంది. ఇంటిపేరులోని 'కె' ఎస్సెస్సెల్సీలో మిగులుతుంది. ఆధార్‌లో దాని బదులు తండ్రి పేరు వస్తుంది. పాస్‌పోర్టులో రెండూ లేక ఒక్క పేరే నిలుస్తుంది. ఊళ్లో ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. విమానమెక్కేటప్పుడే అది కొండంత అవుతుంది.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి వెళుతుంది. సొంత పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. 2022 నవంబరులో యూఏఈ కూడా ఒకే పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని రానివ్వబోమని ప్రకటించింది. రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే చాలని తర్వాత వివరణ ఇచ్చింది. పాస్‌పోర్టులో పేరు మార్చాలంటే దాన్ని మళ్లీ జారీ చేయించుకోవాలి. వీసా పడేది పాస్‌పోర్టులో ఉన్న పేరు మీదే కాబట్టి ఆ పని వీసా దరఖాస్తుకు ముందే కావాలి. పీఎఫ్ ఖాతాలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో కూడా ఉద్యోగంలో ఉండగానే చూసుకోండి. తప్పులుంటే దిద్దుబాటుకు సంస్థ ఆమోదం అవసరం పడొచ్చు. రాజీనామా చేసి వెళ్లాక విదేశం నుంచి ఆ పని వెంటపడి చేయించుకోవడం కష్టం.

రాజీనామా ఎప్పుడు?

ఆఫర్ లెటర్ వేరు, వీసా వేరు. ఆఫర్ చూసుకుని రాజీనామా ఇచ్చేసి, వీసా రాక రెంటికీ చెడ్డ రేవడి కావొద్దు. చాలా ఐటీ సంస్థల్లో నోటీసు గడువు 60 రోజులో, 90 రోజులో ఉంటుంది. కొత్త సంస్థతో చేరే తేదీ మాట్లాడేటప్పుడు 'వీసా వచ్చాక ఇన్ని రోజులు' అని ఒప్పించుకుంటే తొందరుండదు. నోటీసు కాలంలో సెలవు పెడితే గడువు అన్ని రోజులు పొడిగించే సంస్థలూ ఉన్నాయి. సంక్రాంతికి ఎన్ని సెలవులు వాడారో, ఇంకెన్ని మిగిలాయో లెక్క చూసుకోండి. శాశ్వత ఉద్యోగికి ఒకే సంస్థలో అయిదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. నాలుగేళ్ల పది నెలలైన వాళ్లు చేరిన తేదీ ఒకసారి చూసుకోకుండా రాజీనామా మీద సంతకం పెట్టకూడదు.

వీసా వచ్చిందా.. ఇక ఆలస్యం వద్దు. అప్పుడు పై అధికారికి ఇతరుల నోటి ద్వారా కాక మీ నోటితోనే చెప్పండి. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, జీతం స్లిప్పులు తీసుకోండి. జీతంలో కోసిన పన్నుకు సంస్థ ఇచ్చే పత్రం ఆర్థిక సంవత్సరం ముగిశాకే చేతికొస్తుంది. అప్పటికి మీ ఆఫీసు మెయిల్ పనిచేయదు. సొంత మెయిల్ చిరునామా రాసిచ్చి రండి.

ఏ నెలలో వెళుతున్నారు?

సంక్రాంతి అయిన వెంటనే, అంటే ఫిబ్రవరి, మార్చిలో వెళ్లేవాళ్లు పన్ను సంగతి తెలుసుకోవాలి. ఉద్యోగం కోసం దేశం వదిలే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటేనే ఆ ఏడాదికి ప్రవాసి కింద లెక్క. ఏప్రిల్ నుంచి జనవరి దాకా ఇక్కడే ఉన్నవాళ్లు ఆ పరిమితి ఎప్పుడో దాటేసి ఉంటారు. కాబట్టి మార్చి 31 లోపు అక్కడ తీసుకున్న జీతాన్ని కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంటే అక్కడ కట్టినదానికి మినహాయింపు అడగొచ్చు. అదే ఏప్రిల్ మొదట్లో వెళితే ఆ ఏడాదికి ప్రవాసి అవుతారు. చేరే తేదీ మీ చేతిలో ఉంటే ఆడిటర్ని ఒక మాట అడగండి.

విదేశంలో ఉద్యోగానికి వెళ్లాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌వో ఖాతాగా మార్పించుకోవడం ఫెమా నిబంధన. ఇక్కడున్న దగ్గరి బంధువును అందులో జాయింటుగా చేర్చుకునే వీలుంది. ఓటీపీలు వచ్చే ఫోన్ నంబరుకు మాత్రం రీఛార్జి ఆగనివ్వొద్దు.

పొలం అటు.. పెద్దవాళ్లు ఇటు

కుటుంబం బళ్లారిలో, పొలం ఆలూరు దగ్గర. ఇటు భూమికి పహణీ, అటు భూమికి పాసుపుస్తకం. విదేశాలకు వెళ్లినంత మాత్రాన ఉన్న పొలం పోదు. కానీ ప్రవాసి అయ్యాక కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. వారసత్వంగా రావొచ్చు. ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే ఇక్కడ ఉండగానే ఇవ్వడం తేలిక. అక్కడి నుంచి పంపితే మన కాన్సులేట్ ధ్రువీకరణ కావాలి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

ఇవన్నీ నాన్నతో కూర్చుని మాట్లాడాల్సిన సంగతులు. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో, ఏ అప్పు తీరిందో, ఏది తీరలేదో ఆయనకే తెలుసు. చివరి వారంలో చెబితే పట్టుకొచ్చి ఇచ్చే టైమూ ఉండదు, గుర్తు చేసుకునే ఓపికా ఉండదు. అమ్మ అడిగేది వేరు. "మళ్లా ఎప్పుడొస్తావప్పా?" అని ఒక్కటే. బెంగళూరు నుంచైతే రాత్రి రైలెక్కితే తెల్లారే లోపు ఇల్లు. అక్కడి నుంచి అలా కుదరదు. కాబట్టి ఆమెకు మందులు ఎవరు తెస్తారు, ఆస్పత్రికి ఎవరు తోడెళతారు, అర్ధరాత్రి ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నవి ఆమె ఎదుటే తేల్చుకోండి. జవాబులు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి ఫోన్ పక్కన అంటించండి. తెలుగులో చదివే ఇంట్లో తెలుగులో, కన్నడం అలవాటైన ఇంట్లో కన్నడంలో. ఇంగ్లిష్‌లో మాత్రం వద్దు.