చీకట్లో చూసే కంటికి రెప్ప కూడా గట్టిదే కావాలి!

మాది నిర్మల్ దగ్గర ఊరు. మక్క చేను కంకి పడితే చాలు, రాత్రిళ్లు అడవిపందుల గుంపు దిగుతుంది. బాపు టార్చి పట్టుకుని చేన్లోకి వెళ్తుంటే నాకు గుండె దడ. పిల్లలతో ఉన్న పంది మీదికొస్తే ఆ చీకట్లో ఎటు పరిగెత్తుతాడు? అందుకే పోయిన వానాకాలం ఆన్‌లైన్‌లో ఓ డిజిటల్ నైట్ విజన్ మోనోక్యులర్ కొన్నా. ఒంటికన్ను దుర్భిణి అన్నమాట. పందులు ఎటున్నాయో మంచె మీది నుంచే చూసి, రేకు డబ్బా కొట్టి తరిమేయొచ్చు.

11 రాత్రులు బాగానే పనిచేసింది. 12వ రాత్రి మంచె మీంచి జారిపడింది. లెన్సు పగల్లేదు. స్టాండు స్క్రూ బిగించే చోట ప్లాస్టిక్ చీలింది, అంతే. టేపు చుట్టేశా. రెండ్రోజులకే వాన తుంపర. అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టేసింది. తుడుద్దామంటే చెయ్యి పోదు. బాపు మళ్లీ టార్చి అందుకున్నాడు.

"కన్ను మంచిదే తెచ్చినవ్ గని, దాని రెప్ప జూస్కోలే బిడ్డా" అన్నాడు.

నిజమే. నేను జూమ్ చూశా, కెమెరా చూశా, బాడీ చూడలేదు. రెండోది కొనేముందు మాత్రం బాడీ గురించే చదివా.

మామూలు ఏబీఎస్ ప్లాస్టిక్ తేలిక, చవక. కానీ ఎండకి ఎండీ ఎండీ పెళుసుబారుతుంది. గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్ అయితే పెద్దగా బరువు పెరగకుండానే గట్టిగా ఉంటుంది. అమెరికా సైన్యం వాడే పీవీఎస్-14కి కూడా లోహపు బాడీ కాదు, ఇలా బలం పెంచిన ప్లాస్టిక్కే! అల్యూమినియం అయితే స్క్రూ మరలు తొందరగా అరగవు, కానీ గంటసేపు పట్టుకుంటే చెయ్యి లాగేస్తుంది. పైనున్న రబ్బరు తొడుగు చూసి మాత్రం మోసపోవద్దు. అది పట్టు కోసం, చిన్న దెబ్బల కోసం. అసలు బలం లోపలి బాడీదే.

అయితే ఇల్లు ఎంత గట్టిదైనా దొంగ వచ్చేది తలుపులోంచే కదా! ఇక్కడ తలుపులంటే బ్యాటరీ మూత, ఛార్జింగ్ పోర్టు, స్టాండు స్క్రూ రంధ్రం. మూతకి లోపల రబ్బరు రింగు ఉందా? స్క్రూ రంధ్రంలో లోహపు తొడుగు ఉందా, లేక మరలు నేరుగా ప్లాస్టిక్‌లోనే కోశారా? నాది చీలింది అక్కడే.

ఐపీ రేటింగ్ కూడా చూడండి. ఐపీ67 అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకుంటుంది. అదీ మూతలన్నీ సరిగ్గా బిగిస్తేనే. ఐపీఎక్స్4 అయితే నీటి తుంపర్ల వరకే. లోపల నైట్రోజన్ నింపి సీల్ చేసిందైతే ఆవిరి బెంగ ఉండదు.

ఈసారి నైలాన్ బాడీ, ఐపీ67 ఉన్నది తీసుకున్నా. ధర ఎక్కువే. మొన్న అదీ మంచె మీంచి పడింది. బాపు కిందికి దిగి, బురద తుడిచి, మళ్లీ కంటికి పెట్టుకున్నాడు.

టార్చి గూట్లోనే ఉంది.