బ్లూ కట్ అద్దాలు కొనే ముందు ఒక్క మాట

డ్యూటీలో ఉండి ఈ ఎపిసోడ్ వినలేకపోయినవాళ్ల కోసం అందులోని ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నా.

ఈమధ్య క్యాంపులో చాలామంది బ్లూ కట్ అద్దాలు కొంటున్నారు. షాపువాడు నీలం లైటు టార్చి తెచ్చి అద్దం మీద వేస్తాడు. లైటు అవతలికి పోదు. "ఫోన్ లైటును కూడా ఇట్లనే ఆపుతుంది" అంటాడు. టార్చి లైటును ఆపిన మాట నిజమే. కానీ మనం అడగాల్సింది వేరే: ఫోన్ లైటు మన కంటిని పాడు చేస్తుందా?

ఫోన్‌లో నీలం లైటు ఉంది, కానీ ఎండలో ఉన్నదాని ముందు అది ఏ మూలకూ చాలదు. 2023లో కోక్రేన్ అనే వైద్య పరిశోధకుల సంస్థ 17 పరీక్షల ఫలితాలు కలిపి చూసింది. మామూలు అద్దాల కంటే ఈ అద్దాలతో కళ్ల అలసట తగ్గినట్టు కనబడలేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ, అంటే అక్కడి కంటి డాక్టర్ల సంఘం కూడా, స్క్రీన్ చూడటానికి ప్రత్యేక అద్దాలు అక్కర్లేదనే చెబుతోంది.

మరి రాత్రి ఫోన్ చూస్తే కళ్లు ఎందుకు మండుతాయి?

మొదటిది, రెప్ప కొట్టకపోవడం. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప కొడతాం. స్క్రీన్ చూసేటప్పుడు అది సగానికి పడిపోతుంది. దానికి రూమ్‌లో ఏసీ గాలి తోడైతే కన్ను ఎండిపోతుంది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. కావాలని రెప్పలు కొట్టండి. పైసా ఖర్చు లేదు.

రెండోది, చత్వారం. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారతాయి. ఫోన్ దూరం జరిపి చదువుతున్నారంటే అదే. అది ఫోన్ చేసిన పాపం కాదు, వయసు. దానికి కావాల్సింది కంటి పరీక్ష చేయించుకుని తీసుకున్న రీడింగ్ అద్దాలు.

మూడోది, నిద్ర. పడుకునే ముందు ఫోన్ వెలుగు మొహం మీద పడితే నిద్ర ఆలస్యమవుతుంది. దుబాయ్‌లో 10 గంటలంటే మన ఊళ్లో 11:30. ఇంటికి ఫోన్ కాస్త ముందే చేసుకుంటే పిల్లలూ మేలుకొని ఉంటారు, మనమూ తొందరగా పడుకోవచ్చు. నిద్ర లేనివాడు పొద్దున స్కాఫోల్డింగ్ ఎక్కితే ప్రమాదం కంటికి ఒక్కదానికే కాదు.

అసలు భయం ఇక్కడ ఉంది. కొందరు బ్లూ కట్ పెట్టుకుని "నాకు అద్దాలున్నాయి కదా సార్" అని గ్రైండింగ్‌కు దిగుతున్నారు. అది సేఫ్టీ గ్లాస్ కాదు. ఇనుప ముక్క ఎగిరొచ్చి తగిలితే పగలొచ్చు, పక్క సందుల్లోంచి రవ్వ దూరొచ్చు. గ్రైండింగ్, చిప్పింగ్, డ్రిల్లింగ్ పనులకు జెడ్ 87 లేదా ఈఎన్ 166 అని ముద్ర ఉన్నవే వాడాలి. గ్రైండింగ్‌కు వాటి మీద ఫేస్ షీల్డ్ కూడా ఉండాలి. సైట్ స్టోర్‌లో అడిగి తీసుకోండి. చూపు అద్దాలు ఉన్నవాళ్లు వాటిపైన పట్టే పెద్ద సేఫ్టీ గ్లాసులు అడగండి.

వెల్డింగ్ దగ్గర బ్లూ కట్, నల్లద్దాలు రెండూ పనికిరావు. షేడ్ నంబర్ ఉన్న వెల్డింగ్ గాజే కావాలి. పక్కన పట్టుకునే హెల్పర్‌కు కూడా. ఆర్క్ నుంచి వచ్చే అల్ట్రావయొలెట్ దెబ్బ అప్పుడే తెలియదు. కొన్ని గంటల తర్వాత, చాలాసార్లు అర్ధరాత్రి, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. అప్పుడు ఆలుగడ్డ ముక్కలు పెట్టొద్దు, ఎవరో ఇచ్చిన చుక్కలు వేసుకోవద్దు. క్లినిక్‌కు పోండి.

కంట్లో రవ్వ పడితే రుమాలు కొనతో తీయొద్దు, నలపొద్దు. సిమెంటు పడితే మాత్రం ఎవరికోసమూ ఆగకుండా వెంటనే శుభ్రమైన నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడగండి, ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి పోండి.

ఎండలో పనిచేసేవాళ్లకు యూవీ 400 అని రాసున్న సేఫ్టీ గ్లాసులు మంచివి. బ్లూ కట్‌కు పెట్టాలనుకున్న డబ్బు ఉంటే, దానితో ఒకసారి కంటి పరీక్ష చేయించుకోండి.