దమ్మిడీకి దూరపు చుట్టం

మా ఆఫీసులో నాది పేమెంట్ యాప్ పని. అందులో దేశదేశాల కరెన్సీల జాబితా ఒకటి ఉంటుంది. ఓరోజు టెస్టింగ్‌లో ‘ఏఎండీ’ అన్న కోడ్ కనపడింది. మా టీమ్‌లో అందరికీ ఏఎండీ అంటే కంప్యూటర్ చిప్‌ల కంపెనీయే. ఇదేమో ఆర్మేనియా డబ్బు, పేరు డ్రామ్. దాని గుర్తు చూస్తే ముచ్చటేసింది. మన రూపాయి గుర్తులాగే అక్షరానికి రెండు అడ్డగీతలు! అక్కణ్నుంచి దాని చరిత్ర వెతుక్కుంటూ రెండు వీకెండ్లు గడిపేశాను.

‘డ్రామ్’ అంటే ఆర్మేనియన్ భాషలో డబ్బు అనే అర్థం. ఈ మాటకు మూలం గ్రీకుల ‘ద్రాక్మా’. అరబ్బుల దిర్హమ్ కూడా అక్కణ్నుంచి వచ్చిందే. అదే మాట మన దేశానికొచ్చి సంస్కృతంలో ద్రమ్మ, ఆ తర్వాత హిందీలో దామ్, దమ్డీ అయింది. ‘క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు’ అంటామే, ఆ దమ్మిడీ ఇదే.

రాజ్యం ఉంటేనే నాణెం

క్రీ.పూ. 95లో గద్దెనెక్కిన టిగ్రాన్ చక్రవర్తి అంతియోక్ నగరాన్ని గెలిచి, అక్కడ తన ముఖంతో వెండి నాణేలు వేయించాడు. తలమీద ఎత్తైన కిరీటం, దానిమీద నక్షత్రం, అటూ ఇటూ గద్దలు. 12వ శతాబ్దం చివర మధ్యధరా తీరంలో సిలీషియా అనే ఆర్మేనియన్ రాజ్యం వెలిసింది. దాని రాజు లెవోన్ కూడా వెండి డ్రామ్‌లు ముద్రించాడు. 1375లో ఆ రాజ్యం మమ్లూకుల చేతిలో కూలిపోయింది. ఆ తర్వాత ఐదు శతాబ్దాలకు పైగా ఆర్మేనియన్లు వేరే రాజుల నాణేలతోనే బతికారు.

1918లో మళ్లీ దేశం వచ్చింది. అర్షక్ ఫెత్వజియాన్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలతో లండన్‌లో రూబుల్ నోట్లు అచ్చువేయించారు. ఆ నోట్లు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ 1920 చివరికల్లా బోల్షివిక్కులొచ్చారు, ఆ ప్రభుత్వమే పోయింది. నోట్లు మిగిలాయి, వాటికి పూచీపడేవాళ్లు మిగల్లేదు.

నెల జీతం ఒక్క డ్రామ్

అసలు దెబ్బ తగిలింది 1993లో. దేశానికి 1991లోనే స్వాతంత్ర్యం వచ్చినా చేతిలో ఉన్నది సోవియట్ రూబుళ్లే. ఒకపక్క అజర్‌బైజాన్‌తో యుద్ధం, మరోపక్క సరిహద్దుల దిగ్బంధం. రోజుకు గంటో రెండు గంటలో కరెంటు. ఆ జులైలో రష్యా పాత రూబుల్ నోట్లను రద్దు చేసింది. నీరు పల్లమెరుగు అన్నట్టు, ఆ నోట్లన్నీ ఇంకా చెల్లుతున్న ఆర్మేనియా లాంటి చోట్లకు పారాయి. ధరలు ఆకాశాన్నంటాయి.

చివరికి నవంబర్ 22న డ్రామ్ వచ్చింది. లెక్క ఏమిటంటే, 200 రూబుళ్లకు ఒక డ్రామ్. 1980ల మధ్యలో సోవియట్ యూనియన్‌లో సగటు నెల జీతం ఇంచుమించు 200 రూబుళ్లు. అంటే అప్పట్లో ఒక నెల కష్టపడి దాచుకున్నది ఇప్పుడు ఒకే ఒక్క డ్రామ్! మొదట్లో డాలరుకు 14 డ్రామ్‌లు వచ్చేవి. 1995కల్లా 400 దాటాయి. పాతికేళ్లు పొదుపు చేసుకున్న ముసలివాళ్ల గతి ఏమిటో ఊహించండి. 2016లో ఇంజినీరింగ్ చదువుతూ నాన్నతో పాటు బ్యాంకు క్యూలో నిలబడ్డవాణ్ని నేను. అప్పుడు మనకు నోటు మారింది, ఖాతాలో అంకె మారలేదు. వాళ్లకు అంకెకే అర్థం లేకుండా పోయింది.

ఇక్కణ్నుంచి కథ మారుతుంది. 1994లో యుద్ధానికి విరామం దొరికింది. కొత్తగా పెట్టుకున్న సెంట్రల్ బ్యాంకు ఎడాపెడా నోట్లు కొట్టడం ఆపింది. 1995లో డాలరుకు సగటున 32 రూపాయలుండేది, ఇప్పుడు 85 దాటింది. డ్రామ్ మాత్రం మధ్యలో చాలా ఎగుడుదిగుళ్లు చూసి, ఇప్పుడూ 400 లోపే ఉంది.

డబ్బు బలపడితే అందరికీ సంబరమే అనుకోకండి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా నుంచి మనుషులూ డబ్బూ వచ్చిపడ్డాయి. 480 పైన ఉన్న డాలరు ఆ ఏడాదిలోనే 400 లోపుకు జారింది. డాలర్లలో సంపాదించి డ్రామ్‌లలో జీతాలిచ్చే యెరెవాన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు లబోదిబోమన్నాయి. ఆ బాధ మాలాంటివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

2018లో వచ్చిన నోట్ల మీద ఒక్క రాజకీయ నాయకుడూ లేడు. 2000 నోటు మీద చదరంగం ప్రపంచ ఛాంపియన్ టిగ్రాన్ పెట్రోసియాన్. 5000 మీద రచయిత విలియం సరోయన్. 20,000 మీద సముద్రాల చిత్రకారుడు ఐవజోవ్‌స్కీ. దేశం లేని రోజుల్లో కూడా ఆర్మేనియన్లకు మిగిలింది ఇలాంటివాళ్లే కదా. ఇన్నాళ్లకు వాళ్ల బొమ్మలు చెల్లే నోటు మీదికి ఎక్కాయి.