నిరుడు మాత్ర వేశాం కదా, మళ్లీ ఎందుకు?



నులిపురుగుల నివారణ దినం దగ్గర పడగానే చాలామంది అడిగే ప్రశ్న ఇది. తట్టు, ఆటలమ్మ ఒకసారి వచ్చి తగ్గితే సాధారణంగా మళ్లీ రావు. శరీరం ఆ జబ్బును గుర్తుపెట్టుకుంటుంది. మరి పొట్టలో పురుగుల విషయంలోనూ అంతేనా? ఎలుకల మీద జరిగిన పరిశోధనల్లో దీనికి ఆసక్తికరమైన జవాబు ఉంది.

ఎలుకలకు ‘నిప్పోస్ట్రాంగైలస్’ అనే పురుగు సోకుతుంది. దాని పిల్ల పురుగులు చర్మంలోంచి దూరి, ఊపిరితిత్తులకు చేరి, అక్కడి నుంచి గొంతులోకి వచ్చి, మింగినప్పుడు పేగుల్లోకి వెళతాయి. మనుషుల్లో కొంకి పురుగుల దారి కూడా ఇదే. అయితే సుమారు రెండు వారాల్లో ఎలుక శరీరం వాటిలో చాలావాటిని బయటకు నెట్టేస్తుంది. పేగు గోడలోని ‘టఫ్ట్’ కణాలు పురుగులను పసిగట్టి హెచ్చరిక పంపుతాయి. వెంటనే రోగనిరోధక కణాలు ‘ఐఎల్-13’ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దాంతో పేగులో జిగురు బాగా ఊరుతుంది, కండరాల కదలిక పెరుగుతుంది. పట్టు దొరకని పురుగులు మలంతో పాటు బయటికి పోతాయి. అవే పురుగులు రెండోసారి సోకితే, చాలావరకు పేగుదాకా చేరనే చేరవు.

అన్ని పురుగులూ ఇంత తేలిగ్గా లొంగవు. చిట్టెలుకల్లో ‘హెలిగ్మోసోమాయిడిస్’ అనే పురుగు రోగనిరోధక శక్తినే అణచివేసి, నెలల తరబడి తిష్ఠ వేస్తుంది. మందుతో దాన్ని తొలగించాక మాత్రం, రెండోసారి సోకినప్పుడు చిట్టెలుక బాగా తట్టుకుంటుంది.

మన పిల్లల సంగతి వేరు. ఏలికపాములు, కొంకి పురుగుల నుంచి మనుషులకు పూర్తి రక్షణ ఏర్పడదు. మందు వేసుకుని తగ్గినవారికి కూడా కలుషితమైన మట్టి, ఆహారం ద్వారా మళ్లీ సోకుతాయి. ఆల్బెండజోల్ మాత్ర టీకా కాదు. ఈరోజు కడుపులో ఉన్న పురుగులను చంపుతుంది, రేపు వచ్చేవాటిని ఆపలేదు. వదిలేస్తే పురుగులు పిల్లల పోషకాలను, రక్తాన్ని హరిస్తాయి. రక్తహీనత, నీరసం వస్తాయి. అందుకే 1 నుంచి 19 ఏళ్ల వారికి మాత్రను మళ్లీ మళ్లీ ఇస్తారు.

ఇంట్లో మీరు చేయాల్సినవి:
• భోజనానికి ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడిగించండి.
• ఆరుబయట చెప్పులు వేయించండి.
• గోళ్లు కత్తిరించండి, కూరగాయలు, పండ్లు శుభ్రంగా కడగండి.
• మాత్రను నమిలి మింగమని చెప్పండి. ఆ రోజు పిల్లలకు ఒంట్లో బాగోకపోతే క్లాస్ టీచర్‌కు ముందే తెలియజేయండి.