పిట్టలను లెక్కించే పిల్లలు

పొలం గట్టున, కరెంటు తీగ మీద, చెరువు ఒడ్డున వాలే పిట్టలను మన పిల్లలు ప్రతిదినము చూస్తూనే ఉన్నారు. అయితే “ఈ రోజు ఏయే పిట్టలను చూశావు? ఎన్ని చూశావు?” అని అడిగితే చెప్పగలిగినవారు తక్కువ. చూడటం వేరు, లెక్కించి వ్రాసిపెట్టడం వేరు. ఈ రెండవ పని బడిపిల్లలు కూడా చేయగలరు. దానివలన దేశానికే మేలు కలుగుచున్నదని మన పాఠక కుటుంబాలకు తెలుపగోరుచున్నాము.

ఇటువంటి లెక్కలలో ఎంతో పాతది ఒక క్రిస్మస్ దినముననే మొదలైనది. పూర్వము అమెరికాలో పండుగనాడు కొందరు జట్లుగా చీలి, ఎక్కువ పక్షులను, జంతువులను కాల్చినవారే గెలిచినట్లు పందెము వేసుకొనేవారు. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు చంపడానికి బదులు లెక్కించుదామన్నాడు. ఆ క్రిస్మస్‌కు 27 మంది 25 చోట్ల లెక్కించారు. ఆ లెక్క నేటికీ ప్రతి సంవత్సరము జరుగుచున్నది.

మన దేశములో 2013 నుండి ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ఇటువంటి లెక్క జరుగుచున్నది. విద్యార్థులు తమ బడి, కాలేజీ ఆవరణలలోనే దీనిని చేస్తారు. పద్ధతి సులభము. ఒకచోట కనీసము 15 నిమిషాలు ఉండి, కనబడిన, వినబడిన ప్రతి జాతిని, వాటి సంఖ్యను వ్రాయాలి. తేదీ, సమయము, స్థలము తప్పక ఉండాలి. ఆ పట్టికను ఉపాధ్యాయుడో, ఇంటిలోని పెద్దవారో సెల్‌ఫోనులో ‘ఈబర్డ్’ ద్వారా పంపవచ్చును.

ఇందులో పిల్లలు నేర్చుకొనే గొప్ప పాఠము నిజాయితీ. కాకులు, గోరువంకలు మాత్రమే కనబడితే అవే వ్రాయాలి. పేరు తెలియని పిట్టకు ఊహించి పేరు పెట్టకూడదు. చూడని నెమలిని చేర్చితే లెక్క అంతా పాడవుతుంది.

ఇంతకూ ఈ పట్టికల వలన ఏమి తెలిసినది? 2020లో వెలువడిన ‘భారత పక్షుల స్థితి’ నివేదికలో, పిచ్చుకలు పెద్ద నగరాలలో తగ్గినా, దేశము మొత్తము మీద సుమారు నిలకడగానే ఉన్నాయని తేలినది. 2023 నివేదికకు దాదాపు 30,000 మంది పంపిన 3 కోట్ల నమోదులు ఆధారము. నెమళ్లు బాగా పెరిగాయి. కాని తెలంగాణ రాష్ట్ర పక్షియైన పాలపిట్ట సుమారు 30 శాతము తగ్గినట్లు కనబడినది. అది పొలాలలో పురుగులను ఏరి తినే పక్షి, అనగా రైతుకు కూలి అడగని పనివాడు. అది తగ్గుచున్నదంటే మన పొలాలలో ఏదో మారుచున్నదని అర్థము.

మన ఊరి పొలాలను పట్టణమువారు వచ్చి ప్రతి వారము చూడలేరు. అక్కడే పుట్టి పెరుగుచున్న మన పిల్లలు చూడగలరు. పాలపిట్ట మన ఊరిలో ఉన్నదా, లేదా? ఎన్ని ఉన్నాయి? వచ్చే ఏడాది ఎన్ని ఉంటాయి? ఈ మాట వ్రాసిపెట్టనిచో రేపు ఎవరికీ తెలియదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలకు ఒక నోటుబుక్కు ఇవ్వండి. గూళ్లను, గుడ్లను ముట్టుకోవద్దని చెప్పండి. బావులు, చెరువుల వద్దకు ఒంటరిగా పంపకండి, మీరూ వెంట వెళ్లండి. తాతగారికి తెలిసిన పిట్టల పేర్లు అడిగి అదే పుస్తకములో వ్రాయించండి. ఆ పేర్లు కూడా పోగొట్టుకోకూడని ఆస్తియే.