లెక్క వినిపించే సభ: సామాజిక తనిఖీ, నగర వార్డు

కీలకపదాలు: సామాజిక తనిఖీ, కాగ్, గ్రామసభ, ప్రజావేదిక, వార్డు కమిటీ, ఆహార భద్రత.

ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ల మీదుగా ఎల్.బి.నగర్ చేరే మెట్రో మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. ఆ మార్గం ముగిసే కూడలి చుట్టూ పైవంతెనలు, అండర్‌పాస్‌లు వెలిశాయి. నిత్యం ఈ దారిన వెళ్లే వ్యక్తి ‘వీటికెంత ఖర్చయింది? ఆ లెక్క ఎవరు చూశారు?’ అని అడిగితే ఒక్క సమాధానం దొరకదు. పైవంతెన లెక్క చూసేవారు వేరు, మెట్రో లెక్క చూసేవారు వేరు, వీధి చివరి చౌకధరల దుకాణం లెక్క చూడవలసినవారు వేరు. ఉపాధి హామీ కింద చెరువు పూడిక తీసిన పల్లెలో మాత్రం ఈ ప్రశ్నను నిండుసభలో నిలబడి అడిగే హక్కును 2005 నాటి చట్టం కూలీకి ఇచ్చింది. పల్లెకు దక్కిన ఈ హక్కు నగరానికి ఎందుకు దక్కలేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వినడం నుండి చూడడానికి

‘ఆడిట్’ అనే మాటకు లాటిన్ మూలంలో అర్థం వినడం. పూర్వం లెక్కలను చదివి వినిపించేవారు. ఆలకించి ఔననో కాదనో చెప్పేవాడు ఆడిటర్. కాలక్రమంలో వినికిడి పోయి కాగితాన్ని చూడడం మిగిలింది. తెలుగులో జమ, ఖర్చు, బాకీ, తనిఖీ వంటి మాటలు అరబీ, పారసీ మూలాల నుండి పాలనా వ్యవహారం ద్వారా వచ్చి స్థిరపడ్డాయి. ‘లెక్క’ అనే మాటకు మన నుడికారంలో ఉన్న విస్తృతి గమనించదగినది. లెక్క చెప్పడం, లెక్క తేల్చడం, లెక్కచేయకపోవడం అనే ప్రయోగాల్లో గణితమూ గౌరవమూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. లెక్క అడగడమంటే నిలదీయడమే. పల్లెలో ఆ లెక్క రాసినవారు కరణాలు, తెలంగాణలో పట్వారీలు. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యే వరకు లెక్క రాసే చేయి, దానిని చదవగలిగే కన్ను చాలావరకు ఒకరివే.

‘సామాజిక తనిఖీ’ అనే పేరు ఈ నేపథ్యంలో మంచి ఎంపిక అనిపిస్తుంది. దానిని ‘సామాజిక లేఖాపరీక్ష’ అని ఉంటే కూలీల నోట నిలిచేది కాదేమో.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం

బహిరంగ విచారణ పద్ధతి రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఉద్యమంలో, 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో జరిగిన జన్ సున్‌వాయీతో రూపుదిద్దుకొంది. సున్‌వాయీ అంటే కూడా వినడమే. దానిని ప్రభుత్వమే చేపట్టే క్రమబద్ధమైన విధానంగా మలచిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. అదే సంవత్సరం రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. చట్టంలోని 17వ సెక్షన్ ఆ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. 2009లో దీనికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది.

దీని పని తీరులోనే దీని బలం ఉంది. కూలీల కుటుంబాల నుండి ఎంపికైన యువతీయువకులు శిక్షణ పొంది, మస్టర్లు, కొలతల పుస్తకాలు తీసుకొని ఇంటింటికీ వెళ్తారు. మస్టరులో పేరున్న వ్యక్తి నిజంగా పనికి వెళ్లాడా, కూలి చేతికందిందా అని అడుగుతారు. పని జరిగిన చోట కొలతలు సరిచూస్తారు. తేలిన విషయాలను గ్రామసభలో చదివి వినిపిస్తారు. తరువాత మండల కేంద్రంలో జరిగే ప్రజావేదికలో అధికారి, కూలీ ఎదురెదురుగా మాట్లాడతారు. కాగ్‌తో సంప్రదించి 2011లో కేంద్రం రూపొందించిన నియమాలు ఆరు నెలలకొకసారి తనిఖీ జరగాలన్నాయి. తనిఖీకి వెళ్లేవారు అదే పంచాయతీ నివాసులు కారాదన్నాయి. స్వతంత్రతకు ఈ రెండో నియమం ప్రాణం వంటిది. సొంత ఊరిలో సర్పంచిని ప్రశ్నించడం ఎంత కష్టమో పల్లె తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

అయితే తప్పును కనిపెట్టినంత మాత్రాన దిద్దుబాటు జరగదు. ఫర్జానా అఫ్రీదీ, వెగార్డ్ ఐవర్సెన్ ఈ రాష్ట్రపు తనిఖీ నివేదికలనే ఆధారంగా చేసిన పరిశోధనలో, కూలి చెల్లింపు అక్రమాల్లో పోయే సొమ్ము కొంత తగ్గినా, కనిపెట్టడం కష్టమైన సామగ్రి అక్రమాలు పెరిగాయని తేలింది. తేలిన తప్పులపై తదుపరి చర్యలు చాలకపోవడం, శిక్ష పడుతుందన్న భయం లేకపోవడం దీనికి నేపథ్యమని వారు గుర్తించారు. సభ వింటుంది, శిక్షించే అధికారం మాత్రం విచారణకు గురవుతున్న పాలనా యంత్రాంగం చేతిలోనే ఉంటుంది.

నగరంలో సభ ఏది?

ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలు 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. రాజ్యాంగంలోని 243ఎ అధికరణ గ్రామసభను గుర్తించింది. మున్సిపాలిటీల భాగంలో అటువంటి పౌరసభ లేదు. 243ఎస్ కింద వార్డు కమిటీలు మాత్రమే ఉన్నాయి. కమిటీ అంటే కొందరు ప్రతినిధులు. సభ అంటే ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ. సామాజిక తనిఖీ నిలబడే పునాది నగరంలో చట్టపరంగానే లోపించింది.

నగరపాలక సంస్థల పద్దులను 1989 నాటి స్టేట్ ఆడిట్ చట్టం కింద రాష్ట్ర ఆడిట్ శాఖ పరిశీలిస్తుంది. కాగ్ నివేదికలు 151వ అధికరణ ప్రకారం శాసనసభ ముందుకు వస్తాయి. మెట్రో విషయం మరింత చిక్కు. 2010 సెప్టెంబరు 4న కుదిరిన ఒప్పందం ప్రకారం దానిని నిర్మించినది ప్రైవేటు సంస్థ. ప్రభుత్వ కంపెనీలకు వర్తించే కాగ్ తనిఖీ ఆ ప్రైవేటు సంస్థకు నేరుగా వర్తించలేదు. ప్రభుత్వంతో ఆదాయం పంచుకొనే టెలికాం సంస్థల రాబడి లెక్కలను కాగ్ చూడవచ్చని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్కం నగర రవాణాకు ఎంతవరకు వర్తిస్తుందన్నది న్యాయశాస్త్ర పరిశోధకులు తేల్చవలసిన అంశం.

ఎవరూ అంతగా పట్టించుకోని తలుపు ఒకటి మాత్రం తెరిచే ఉంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 28వ సెక్షన్ చౌకధరల దుకాణాలపై సామాజిక తనిఖీని స్థానిక సంస్థల బాధ్యతగా పేర్కొంది. ఇందులో పల్లె, పట్నం అనే భేదం లేదు. 2017లో మేఘాలయ ఒక ప్రత్యేక చట్టం ద్వారా సామాజిక తనిఖీని అనేక పథకాలకు విస్తరించింది. సరూర్‌నగర్ చెరువు గట్టు మీదనో, కొత్తపేటలోని ఒక బడి ఆవరణలోనో రేషన్ దుకాణం రిజిస్టరును బిగ్గరగా చదివి వినిపించడానికి ఇప్పుడున్న చట్టం చాలు. పైవంతెన కొలతల పుస్తకాన్ని అలా చదివించాలంటే మాత్రం వార్డుకు ముందుగా ఒక సభ కావాలి.